ఎదుటి తరఫు

సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలకు నా భార్య మాన్వి ఊరి నుంచి వచ్చే బస్సు దిగి ఇంటికి వచ్చింది. రోజూ ఆ వేళకే వచ్చేది. గడప బయట చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, నా ఎదురుగా కుర్చీలో కూర్చుని "నీళ్లియ్యి బావా" అంది. ఇచ్చాను. బల్ల మీద డాక్టరు ఇచ్చిన కాగితాల కవరు ఉంది. ఆ మధ్యాహ్నం నేనే వెళ్లి తెచ్చాను. ఆమె దాన్ని చూసింది. నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఏమన్నడు?"

చెప్పాను. కడుపులో గడ్డ ఉంది. హైదరాబాదు తీసుకుపోయి వెంటనే ఆపరేషన్ చేయించవచ్చు. లేదంటే మందులు వాడుతూ ఇంట్లోనే ఉండవచ్చు. రెండింటిలో ఏది మేలో డాక్టరు తేల్చి చెప్పలేదు. గడ్డ ఉన్న చోటు మంచిది కాదన్నాడు. మీరిద్దరూ ఆలోచించుకోండి అన్నాడు.

"ఆలోచించుడేముంది. ఇంట్లనే ఉంటా" అంది. లేచి రొట్టెలు చేయడానికి వంటింట్లోకి వెళ్లింది.

ఆ తర్వాత గంటలో జరిగింది చెప్పాలంటే, ముందు మేమిద్దరం ఏం పని చేసేవాళ్లమో చెప్పాలి.

నేను రాయచూరులో ఒక డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతాను. మాటతో మనిషిని ఎట్లా ఒప్పిస్తారు, ఏ దేశంవాళ్లు ఏ కాలంలో దాని గురించి ఏమనుకున్నారు అన్నది నా పేపరు. చదివింది ఎక్కువగా ఇంగ్లీషు పుస్తకాల్లోనే. గ్రీకుల బళ్లలో పిల్లల చేత ఒకే విషయం మీద రెండు వైపులా మాట్లాడించేవారు. మన తర్కంలో ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివాడి వాదన చెప్పి, ఆ తర్వాతే తన సమాధానం చెప్పాలి. అరబ్బీలో ఈ విషయం మీద రాసినవాళ్లు, వినేవాడు ఏ స్థితిలో ఉన్నాడో చూసి మాట ఎంచుకోవాలన్నారు. పాత చైనాలో రాజుకు సలహా చెప్పేవాడు తన ప్రాణం గురించి కూడా ఆలోచించుకుని నోరు తెరిచేవాడు. ఇదంతా నేను బోర్డు మీద నాలుగు గళ్లు గీసి చెప్పేవాణ్ణి. విద్యార్థులు దించుకునేవారు. పరీక్షలో వాళ్లూ నాలుగు గళ్లు గీసేవారు. నేను మార్కులు వేసేవాణ్ణి. చాలా ఏళ్లు అట్లాగే నడిచింది.

ఆమె మా మేనమామ కూతురు. పెళ్లికి ముందు కూడా బావా అనే పిలిచేది. పీయూసీతో చదువు ఆపేసి టైపింగు నేర్చుకుంది. మాన్విలో తాలూకా ఆఫీసుకు ఎదురుగా చిన్న షాపు పెట్టుకుని అర్జీలు రాసిచ్చేది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, బయట ఒక చెక్క బెంచీ. జనం తెలుగులోనో కన్నడంలోనో ఉర్దూలోనో చెప్పుకునేవారు. ఆమె కన్నడంలో టైపు చేసి ఇచ్చేది. మాకు పిల్లలు లేరు. పొద్దున ఆమె బస్సు ఎక్కేది, నేను కాలేజీకి నడిచేవాణ్ణి.

ఆమె పని నేను చాలాకాలం పట్టించుకోలేదు. నిజాం కాలంనాటి ఉర్దూ అర్జీలు కొన్ని నా దగ్గర ఉన్నాయి, తరగతిలో చూపించడానికి తెచ్చుకున్న జిరాక్సులు. వాటిలో మొదటి సగం పేజీ సలాములే ఉంటాయి. ఒకరోజు అవి ఆమెకు చదివి వినిపించాను. "గిన్ని సలాములు అయ్యేసరికి సాబు నిద్రపోతడు" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. అర్జీ గురించి నాకంటే ఆమెకు ఎక్కువ తెలుసన్న ఆలోచన అప్పుడు కూడా రాలేదు.

ఒక సెలవురోజు ఆమెతో కలిసి మాన్వి వెళ్లాను. షాపుకు ఒక రైతు వచ్చాడు. తుంగభద్ర కాలువ నీళ్లు వచ్చినప్పుడు కోస్తా నుంచి వచ్చి, క్యాంపులని పిలిచే పల్లెల్లో స్థిరపడిన కుటుంబాలలో ఒకటి వాళ్లది. మాట ఇంకా అక్కడిదే.

"పైపొలం వాడు తూము మూసేస్తున్నాడమ్మా. నాకు చుక్క రావట్లేదు. కాస్త గట్టిగా రాయండి, వాడికి బుద్ధి రావాలి."

"ఆయన ఏమంటడు?"

"వాడనేదేముందండీ. దొంగమాటలు."

"ఆ దొంగమాటలు ఏందో చెప్పు."

"అవి మీకెందుకండీ? అర్జీ పెట్టేది నేను కదా."

"సాబు ముందట ఆయన గూడ నిలబడతడు గద. ఆయన ఏమంటడో నీకు మాలూం లేకుంటే ఇది కాగితం కరాబు చేసుడే. పోయి బెంచీ మీద కూసో. యాదికొస్తే రా."

రైతు నా వైపు తిరిగాడు. "చూడండి సార్, ఈ వయసులో నన్ను బడిలో కూర్చోబెట్టారు" అన్నాడు.

"మా సారు తప్పు చెప్పినా గదే బెంచీ" అంది ఆమె, తెర మీద నుంచి కళ్లు తీయకుండా.

అతను మూడుసార్లు లేచి వచ్చాడు. మొదటిసారి, పైవాడికి పొగరు అన్నాడు. ఆమె వేలితో బెంచీ చూపించింది. రెండోసారి, వాడికి ఆఫీసులో మనుషులున్నారు అన్నాడు. మళ్లీ బెంచీ. మూడోసారి వచ్చినప్పుడు గొంతు తగ్గింది.

"అతను ముందు నాటాడండి. చేను పొట్ట మీదుంది. ఇప్పుడు నీళ్లు కిందికి వదిలితే గింజ తాలైపోద్దంటాడు. పోయినేడు కూడా అట్లాగే పోయింది అతనికి."

"ఆయన ఇక్కడ ఉంటే, అవును, నేనన్నది గిదే, అంటడా?"

"అంటాడండి" అన్నాడు.

"ఇగ నీది చెప్పు."

అర్జీ ఒక పేజీ అయింది. మొదటి పేరాలో పైపొలం ఆయన ఇబ్బంది ఉంది. రెండో పేరాలో ఇతని ఇబ్బంది. మూడో పేరాలో, వారంలో రెండు రోజులు తూము పూర్తిగా కిందికి వదలాలని విన్నపం. రైతు చదివించుకుని విన్నాడు. "ఇదేంటమ్మా, వాడే పెట్టుకున్నట్టుంది అర్జీ" అని సణుక్కుంటూనే సంతకం చేసి తీసుకుపోయాడు. ఆ తర్వాత నీళ్లు వస్తున్నాయని ఫోన్ చేశాడు. అడిగినన్ని కాదు, కొన్ని.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమెతో చెప్పాను, నువ్వు చేసేది పూర్వపక్షం, దాని మీద వందల ఏళ్ల చర్చ ఉంది అని.

"పేరు ఏదైతే ఏంది బావా. ఎవడు గూడ ఎదుటోని మాట మొదటిసారి సరిగ్గ చెప్పడు. చెప్పనీకి వాని పాణం ఒప్పదు. ఒకటి అడుగుతా, నీ పుస్తకాలల్ల ఆ ఎదుటోడు ఎన్నడన్న లేచి, గది కాదు నేనన్నది, అంటడా?"

అనడు. పుస్తకంలో ఎదుటివాడు, రాసినవాడు అనిపించిందే అంటాడు. అక్కడ అతనికి ఒప్పుకోవడం తప్ప వేరే పని లేదు. ఇన్నేళ్లు నేను దాన్ని చదివి, చెప్పి, మార్కులు వేశాను. ఓడినవాళ్లు ఏమన్నారో మనకు గెలిచినవాళ్లు చెప్పగా తెలిసిందేనన్న సంగతి మాన్వి బస్సులో తెలిసింది.

మరుసటి వారం నుంచి తరగతిలో కొత్త పద్ధతి పెట్టాను. ఇద్దరు లేచి నిలబడాలి. ఏదో ఒక విషయం మీద ఇద్దరికీ నిజంగానే పడకూడదు. మొదటివాళ్లు తమ మాట చెప్పే ముందు రెండోవాళ్ల మాట చెప్పాలి. రెండోవాళ్లు "అవును, నేనన్నది ఇదే" అంటేనే ముందుకు పోవాలి. "అది కాదు" అంటే వెనక బెంచీకి వెళ్లి ఆలోచించుకుని రావాలి. సరిగ్గా చెప్పారా లేదా అన్నది తేల్చేది నేను కాదు, ఎదుటివాళ్లే. విద్యార్థులు దానికి బెంచీ అని పేరు పెట్టారు. ఎవరు పెట్టిన పద్ధతి అని అడిగితే నా భార్యది అని చెప్పేవాణ్ణి. వాళ్లు నమ్మేవారు కాదు. ఏ దేశం పద్ధతి సార్ అని మళ్లీ అడిగేవారు.

హట్టి నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివే ఒక అమ్మాయి ఆ తరగతిలో ఉండేది. వాళ్ల నాన్న తెలంగాణ నుంచి వచ్చి బంగారు గనిలో పని చేస్తున్నాడు. ఆమెను ఇంకా చదివించాలా, పెళ్లి చేయాలా అన్న తగువు వాళ్ల ఇంట్లో నడుస్తుండేది. సెలవులకు పోయి వచ్చి నాతో చెప్పింది.

"మా నాయిన మీద బెంచీ ఆడిన సార్."

"ఏమన్నాడు?"

"నాలుగుసార్లు గది కాదన్నడు. ఐదోసారి చెప్పినంక గది కాదనలే. షిఫ్టుకు టైమైందని లేచి పోయిండు. మల్ల పెండ్లి ముచ్చట తియ్యలే."

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. "ఐదోసారి ఏం చెప్పిందట?" అని అడిగింది. నేను ఆ అమ్మాయిని అడగలేదు. "అసలుది అడగలేదా" అంది.

ఇప్పుడు ఆ సాయంత్రానికి వస్తాను.

ఆమె పెనం మీద రొట్టె వేస్తోంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి మాట్లాడాను. ముందు నా తప్పు ఒప్పుకున్నాను: కడుపునొప్పి అన్నప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకుపోవలసింది అన్నాను. తర్వాత జరిగింది జరిగినట్టు చెప్పాను. తర్వాత ఆమె అనబోయేవి నేనే ఊహించుకుని, ఒక్కొక్కదానికి జవాబు చెప్పాను. చివరికి నా గురించి చెప్పాను, ఒక్కణ్ణి ఏం కావాలె అన్నాను. నేను బోర్డు మీద రాసే వరస అదే. ముందు వినేవాళ్ల మనసు మెత్తబరచాలి, తర్వాత విషయం, తర్వాత ఖండన, చివర జాలి. ఆ వేళ నేను దాన్ని తలుచుకోలేదు. నోటికి అలవాటైన దారిలో మాట పోయింది. నేను ఏడ్చాను కూడా. ఆ ఏడుపు నిజమే. కానీ అది రావలసిన చోటే వచ్చింది.

"బావా, గంట కొట్టిండ్రా? క్లాసు మొదలైనట్టుంది" అంది.

"నవ్వులాట కాదు."

"నవ్వుతలేను. ఇంతసేపు నీ తరఫు చెప్పినవ్. ఇగ నా తరఫు చెప్పు. నేను ఎందుకు వద్దంటున్ననో చెప్పు. సరిగ్గ చెప్తే వస్త. ఒట్టు."

"నీకు కోతంటే భయం."

"గది కాదు."

"షాపు మూసుడు ఇష్టం లేదు."

"గది గూడ కాదు."

"నాకు కష్టమైతదని."

రొట్టె తిప్పింది. "నీకు ఎట్లైనా కష్టమే గద. గది కాదు."

అప్పుడు నేను చేయవలసిన పని నాకు తెలుసు. పోయి కూర్చోవాలి. ఆలోచించుకుని మళ్లీ రావాలి. మాన్విలో ఆమె దగ్గరికి వచ్చిన ప్రతివాడూ ఆ పని చేశాడు. నా విద్యార్థులు చేశారు. ఆ హట్టి అమ్మాయి వాళ్ల నాన్న ముందు నాలుగుసార్లు చేసింది. నేను చేయలేదు.

"ఏదైతే ఏంది? టైము లేదు. మనం బెంచీ ఆడనీకి కూసున్నమా?" అన్నాను.

ఆమె పొయ్యి ఆపింది. రొట్టెలు గుడ్డలో చుట్టి పళ్లేలు తెచ్చింది. పుంటికూర పప్పు వడ్డించింది.

"సరే, పోదాం" అంది.

నేను ఆ మాటను ఒప్పుకోవడం అనుకున్నాను. భోజనమయ్యాక బయటికి వెళ్లి, నాతో పనిచేసే ఒకాయనకు ఫోన్ చేశాను. "ఒప్పించిన" అన్నాను. నా గొంతులో సంతోషం ఉంది. ఆయనకు అది వినిపించింది. "నువ్వు కాక ఇంకెవరు ఒప్పిస్తరు" అన్నాడు.

రైల్లో హైదరాబాదు పోయేటప్పుడు ఆమె షాపు సంగతులు చెప్పింది. ఎవరి కాగితాలు ఏ అరలో ఉన్నాయో, ఎవరు వచ్చి అడుగుతారో నా చేత రాయించింది. దారిలో అడగవచ్చు. నేను అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు చాలా టైము ఉంటుందనుకున్నాను. ఆపరేషన్‌కు ముందురోజు ఆస్పత్రిలో ఆమె మంచం పక్కన కూర్చున్నప్పుడు మాత్రం అడిగాను.

"ఆరోజు మూడు చెప్తే మూడూ కాదన్నవ్. మరి ఏంది?"

"గిప్పుడా?" అంది. పక్క మంచం వైపు చూసింది. అక్కడ వాళ్ల చుట్టాలు నలుగురు కూర్చుని ఉన్నారు. "ఇంటికి పోయినంక చెప్త. తొందరేమున్నది. బెంచీ మీద కూసోబెట్టి చెప్త."

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. రెండోరోజు జ్వరం వచ్చింది. తర్వాత గొట్టం వేశారు, దాంతో మాట్లాడటానికి లేకపోయింది. నేను చెయ్యి పట్టుకుంటే వేళ్లు కొద్దిగా బిగించేది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం పోయింది. డాక్టర్లు చేయవలసింది చేశారు. నేను ఎవరినీ తప్పుపట్టలేదు, ఇప్పుడూ పట్టను. ఇంట్లోనే ఉంటే ఇంకా ఎన్ని నెలలు ఉండేదో, అసలు ఉండేదో లేదో ఎవరికీ తెలియదు. నన్ను తినేది ఆ లెక్క కాదు. ఆమె ఎందుకు వద్దందో నాకు తెలియదు. తెలుసుకోకుండా తీసుకుపోయాను.

నెల తర్వాత మాన్వి షాపు ఖాళీ చేయడానికి వెళ్లాను. రైల్లో రాసుకున్న కాగితం చూసి ఎవరివి వాళ్లకు ఇచ్చాను. క్యాంపు రైతు కూడా వచ్చాడు. కబురు అప్పటికే విన్నాడు. లోపలికి రాకుండా బెంచీ మీద కూర్చున్నాడు. నేనూ పోయి పక్కన కూర్చున్నాను.

"పైపొలం ఆయన కూడా వస్తానన్నాడండి. చేనుకి మందు కొట్టే పని పడింది" అన్నాడు. "అమ్మగారు కిందటిసారి చూసినప్పుడు బాగా చిక్కినట్టు కనిపించారు. ఏమ్మా అంటే, ఏం లేదయ్యా అన్నారు."

"నా గురించి గాని, హైదరాబాదు పోవడం గురించి గాని మీతో ఏమైనా అందా?" అని అడిగాను. నాకు సిగ్గుగానే ఉంది. నా భార్య మనసులో మాట కోసం నేను ఇంకొకరిని అడుగుతున్నాను.

"లేదండి. దేని గురించి?"

"ఆపరేషన్ వద్దంది. ఎందుకో చెప్పలేదు."

అతను నా ముఖం చూశాడు. "మీరు అడగలేదాండీ?" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఆమె దగ్గరికి వచ్చిపోయిన మనిషి కాబట్టి, ఆ ఇంట్లో అడగకుండా ఏదీ జరగదనుకున్నాడు.

"అడిగాను. ఆలస్యంగా" అన్నాను.

బెంచీని అతను ట్రాక్టరులో వేసుకుని తీసుకుపోయాడు. నేనే ఇచ్చాను.

ఆ తర్వాత కొన్నాళ్లు ఒక నోటుపుస్తకంలో ఆమె తరఫు రాయడానికి ప్రయత్నించాను. ఊరుగాని ఊళ్లో పోవడం ఇష్టం లేదేమో అని రాశాను. ఆస్పత్రిలో పరాయివాళ్ల ముందు తన ఒళ్లు తనది కాకుండా పోతుందనుకుందేమో. మిగిలిన కాలం నాతో గడపాలనుకుందేమో అని రాసి కొట్టేశాను, అది నాకు తీపిగా ఉన్న ఊహ. ముప్పై ఏళ్లు అందరి తరఫూ చెప్పి, ఒక్కసారి తన మాట కారణం అడగకుండా నెగ్గాలనుకుందేమో. ఒక్కొక్కటీ ఒక్కొక్క పేజీ అయింది. అన్నీ నమ్మేటట్టుగానే ఉన్నాయి. దేనినైనా నమ్మేటట్టు రాయడం నాకు వచ్చిన పని. చదివి "గది కాదు" అనే మనిషి లేదు. ఆ మనిషి లేకపోతే, మాన్వి బస్సులో ఆమె అడిగిన ఆ పుస్తకాలకూ నా నోటుపుస్తకానికీ తేడా లేదు. రాయడం మానేశాను.

కాలేజీకి తిరిగి వెళ్లిన మొదటి వారంలో బెంచీ రోజు వచ్చింది. హట్టి అమ్మాయి, సింధనూరు నుంచి వచ్చే ఇంకొక అమ్మాయి నిలబడ్డారు. హాస్టల్లో పొద్దున ఎన్ని గంటలకు లైటు వేయాలన్నది వాళ్ల తగువు. హట్టి అమ్మాయి కన్నడంలో ఎదుటి తరఫు చెప్పింది. రెండో అమ్మాయి నవ్వుతూ "అదల్ల" అంది. కన్నడంలో అది కాదు అనడం. మళ్లీ చెప్పింది. మళ్లీ "అదల్ల". తరగతంతా నవ్వుతోంది. హట్టి అమ్మాయి వెనక బెంచీకి వెళ్లి, తల పట్టుకుని ఆలోచించి, లేచి వచ్చి మూడోసారి చెప్పింది. రెండో అమ్మాయి "హౌదు" అంది. "అదే నాను హేళిద్దు" అంది. అవును, నేనన్నది అదే అని.

ఎంతోసేపు పట్టలేదు. మూడుసార్లు, మహా అయితే పది నిమిషాలు. నేను చాక్‌పీసు బల్ల మీద పెట్టి బయటికి వచ్చాను. వరండాలో కాసేపు నిలబడి, లోపలికి వెళ్లి, ఆరోజుకు చాలు అని పంపించేశాను.

తర్వాతి వారం నాలుగు గళ్లు గీశాను. క్లాసు అయ్యాక హట్టి అమ్మాయి వరండాలో ఆపింది.

"బెంచీ ఎందుకు బంద్ చేసిండ్రు సార్?"

"పరీక్షలో దానికి మార్కులు లేవమ్మా."

"ఎన్నడు గూడ లేవు గద సార్."

ఆ అమ్మాయి పుస్తకాలు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

"మీ తరఫు నేను చెప్పాల్నా సార్?" అంది మెల్లగా.

"వద్దమ్మా" అన్నాను. చెబితే సరిగ్గానే చెప్పేది.

ఆ అమ్మాయి చదువు పూర్తి చేసుకుని వెళ్లింది. ఆమె వెనక వచ్చినవాళ్లకు బెంచీ అన్న మాట తెలియదు. పేపరు ఇప్పటికీ ఉంది, నేనే చెబుతున్నాను. గ్రీకు, సంస్కృతం, అరబ్బీ, చైనా, నాలుగు గళ్లు. పూర్వపక్షం అంటే ఏమిటో నిర్వచనం రాయిస్తాను. ఒకరి మాట ఇంకొకరి చేత చెప్పించి, అవునా కాదా అని ఎదుటివాళ్లను అడగడం మా తరగతిలో ఇప్పుడు చేయడం లేదు.